గుడ్డు పడుతుందా అని డాక్టరు అడిగిన రోజు

విమానానికి టిక్కెట్టు ఉంటే చాలనుకున్నాను. బస్సుకి అంతే, రైలుకి అంతే. పాస్‌పోర్టు, వీసా, టిక్కెట్టు అన్నీ చేతికి వచ్చాక అల్లుడు ఫోన్ చేసి ఇంకొకటి ఉందన్నాడు. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, వేసినట్టు ముద్ర కొట్టిన పసుపు రంగు పుస్తకం వెంట తెచ్చుకోవాలట. అది లేకపోతే ఘానా దేశంలో దిగనివ్వరట. ఒక్కోసారి ఇక్కడే విమానం ఎక్కకుండా ఆపేస్తారట. ఈ మాట టిక్కెట్టు కొనకముందు ఎందుకు చెప్పలేదని అడిగాను. మర్చిపోయానన్నాడు. ఇనుము కరిగించే కొలిమి దగ్గర ఫోర్‌మన్‌గా ఉన్నవాడు అలా మర్చిపోతే ఎలా కుదురుతుందో నాకు తెలియదు. ఆ ఫ్యాక్టరీవాళ్ళే ఊరుకుంటున్నారు కాబట్టి నేనూ ఊరుకున్నాను.

మా వైపు నుంచి ఆ దేశాలకి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసి చెయ్యి తిరిగినవాళ్ళని అక్కడి ఫ్యాక్టరీలు పిలుస్తాయి. మా అల్లుడూ అలాగే వెళ్ళాడు, కూతుర్నీ తీసుకువెళ్ళాడు. ఇప్పుడు కూతురికి రెండో కానుపు. మొదటి పురుడు మల్కాపురంలో నా ఇంట్లో నేనే పోశాను. రెండోదానికి కూడా వస్తానంది గానీ రక్తపోటు పెరిగిందని, విమానం ఎక్కకూడదని, మంచం దిగకూడదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. పెద్దది ఇంకా జడ వేసుకోవడం రాని పిల్ల. అల్లుడికి షిఫ్టులు. అత్తగారు లేదు. కన్నతల్లిని నేను వెళ్ళకపోతే అక్కడ దానికి వేడినీళ్ళు కాచిచ్చే మనిషి లేదు.

కూతురు ఎప్పుడూ ఏదీ అడిగే రకం కాదు, నేను అలా పెంచలేదు. ఈసారి మాత్రం రోజూ ఫోన్ చేసింది. రోజూ ఒకటే అడిగింది, పుస్తకం వచ్చిందా అని.

రావడానికి అది పోస్టులో వచ్చేది కాదు. పోర్టు వైపు ఒక సర్కారు టీకా కేంద్రం ఉంది. అక్కడ ఈ టీకా వారానికి ఒక్క రోజే వేస్తారు. ముందే పేరు రాయించుకోవాలి. అరవై దాటినవాళ్ళకి ఈ టీకా ఊరికే వెయ్యరు, ముందు మన డాక్టరు చూసి పరవాలేదని చీటీ రాసివ్వాలి. ఆ చీటీ కోసం గుండె, షుగరు, రక్తం అన్నీ చూపించుకునేసరికి వారాలు గడిచిపోయాయి. అన్నీ బాగున్నాయన్నారు. బాగుంటాయని నేను ముందే చెప్పాను, ఎవరూ వినలేదు. పైగా టీకా వేయించుకున్న పది రోజులకి గానీ ఆ పుస్తకం చెల్లదు. వెనక్కి లెక్క వేసుకుంటే నాకు మిగిలింది ఒక్క బుధవారం. అది దాటితే విమానం వెళ్ళిపోతుంది, కానుపు కూడా జరిగిపోతుంది, నేను లేకుండా.

ఆ బుధవారం నా వెంట కోడలు వచ్చింది. కొడుకు రిఫైనరీలో డ్యూటీకి వెళ్ళాడు. నేనొక్కదాన్నే బస్సులో వెళ్ళగలనన్నాను. కోడలు వినలేదు. అక్కడ ఇంగ్లీషు కాగితాలుంటాయంది. నేను మూడో తరగతితో ఆపేసినదాన్ని, తెలుగు చదువుతాను, కూడబలుక్కునైనా చదువుతాను. ఇంగ్లీషు దగ్గర కోడలి మాట చెల్లుతుంది. మిగతా వాటిలో చెల్లదు.

ఆ కేంద్రంలో బల్లల మీద కూర్చున్నవాళ్ళంతా మగపిల్లలే. ఓడల మీద ఉద్యోగం దొరికినవాళ్ళు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో ఫైలు. నన్ను చూసి ఒకడు లేచి చోటిచ్చాడు. మామ్మా, నువ్వు ఏ ఓడెక్కుతన్నావు అని అడిగాడు, మిగతావాళ్ళు నవ్వారు. పురుడు పొయ్యడానికి వెళ్తున్నానని చెప్పాను. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

అక్కడ పని జరిగే పద్ధతి నాకు నచ్చింది. ఆ మందు చిన్న సీసాలో పొడిలా ఉంటుంది. ఒక సీసాలో చాలామందికి సరిపడే మందు ఉంటుంది. దాంట్లో నీళ్ళు కలిపాక కొన్ని గంటలే పనికొస్తుంది, మిగిలింది పారబొయ్యాలి. అందుకని తగినంతమంది చేరేదాకా సీసా మూత తియ్యరు. నర్సు తలలు లెక్కపెట్టి, చాలకపోతే వచ్చే వారం రమ్మంటుంది. మా వీధిలో ఫంక్షన్లకి వండేవాళ్ళకి ఈ బుద్ధి ఉంటే ఎంత అన్నం పారబొయ్యకుండా ఉండేవాళ్ళో. కోడలితో అదే అన్నాను. కోడలు తలూపింది. కోడలు ఎక్కువగా తలే ఊపుతుంది.

ఆ రోజు పేరు రాయించుకున్న ఇద్దరు రాలేదు. నర్సు రెండుసార్లు లెక్కపెట్టి, ఉన్నవాళ్ళతో సరిగ్గా సరిపోతుంది, ఎవరూ వెళ్ళిపోకండి అంది. పిల్లలందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరు టీ తాగడానికి లేచినా పక్కవాడు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

డాక్టరు ఒక్కొక్కరినీ పిలిచి అడిగి పంపిస్తున్నాడు. నా వంతు వచ్చింది. నడి వయసు మనిషి, తొందర లేదు. ముందు నా చీటీ చదివాడు. తర్వాత ఈ జబ్బు ఎలా వస్తుందో తెలుసా అని అడిగాడు. దోమల వల్ల అన్నాను. ఆ జాతి దోమ మన ఊళ్ళోనూ ఉందట. జబ్బు మాత్రం మన దేశంలో లేదట. ఎవరైనా ఒంట్లో పెట్టుకుని తెస్తే, మన దోమలు వాళ్ళని కుట్టి ఊరంతా పంచిపెడతాయట. అందుకే తిరిగి వచ్చేటప్పుడు కూడా పుస్తకం చూస్తారని, లేనివాళ్ళని ఇంటికి పంపకుండా కొన్నాళ్ళు విడిగా ఉంచుతారని చెప్పాడు. ఆ మాట సబబుగా ఉంది. మల్కాపురం దోమలకి ఇంకొక పని నేర్పవలసిన అవసరం లేదు.

ఒకసారి వేయించుకుంటే జీవితాంతం మళ్ళీ అక్కర్లేదని కూడా చెప్పాడు. బయట కూర్చున్న పిల్లలకీ నాకూ ధర ఒకటే. జీవితం మాత్రం వాళ్ళకి ఎక్కువ మిగిలి ఉంది. ఆ సంగతి మనసులో ఉంచుకున్నాను.

అప్పుడు అడిగాడు.

"గుడ్డు పడుతుందా అమ్మా మీకు?"

తెలీదన్నాను.

తెలీకపోవడమేమిటి అన్నాడు. ఎప్పుడూ తినలేదు కాబట్టి తెలీదన్నాను. శాకాహారులా అన్నాడు. కాదు, చేప తింటాం, కోడి తింటాం, గుడ్డు మాత్రం నేను తినలేదన్నాను. డాక్టరు కలం కింద పెట్టాడు.

దీనిలో వింత ఏమీ లేదు. మా అమ్మ కోళ్ళు పెంచేది. గుడ్డు అమ్మకానికి, లేకపోతే పొదగడానికి. కోడి పెట్టడం మానేశాక కూరలోకి వచ్చేది. గుడ్డుని తినేస్తే ముందుముందు కోడిని తినేసినట్టే అని మా అమ్మ లెక్క. మగపిల్లలకి జబ్బు చేస్తే ఒకటి ఉడకబెట్టేది. నేను మగపిల్లాణ్ణి కాదు, నాకు జబ్బు చెయ్యలేదు. పెళ్ళయ్యాక మల్కాపురం వచ్చి నేనూ కోళ్ళు పెంచాను. ఆయనకి పెట్టాను, పిల్లలకి పెట్టాను. ఇప్పుడు కోళ్ళు లేవు, కొట్టు నుంచి తెస్తాం. ఆదివారం ఆదివారం తలకో గుడ్డు. కొడుక్కి, ఇద్దరు మనవలకి, కోడలికి. కోడలికి కడుపుతో ఉన్నప్పుడు మొదలుపెట్టాను. పిల్లలు పెద్దవాళ్ళయినా ఆపలేదు. ఇస్తున్నది మధ్యలో తీసెయ్యడం మర్యాద కాదు. నాకు తినాలని ఎప్పుడూ అనిపించలేదు. తినకపోవడం కష్టమని కూడా అనిపించలేదు.

ఇదంతా డాక్టరుకి చెప్పలేదు. అమ్మకానికి పెట్టేవాళ్ళం అని మాత్రం అన్నాను.

కేకు తిని ఉంటారు కదా అన్నాడు. పుట్టినరోజులకి కోసినప్పుడల్లా నా ముక్క పిల్లలకే ఇచ్చేస్తానన్నాను. ఈ టీకా మందుని కోడిగుడ్లలోనే తయారుచేస్తారని, గుడ్డు పడనివాళ్ళకి ఇస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరి ఆడకపోవచ్చని మెల్లగా వివరంగా చెప్పాడు. చిన్నవాళ్ళయితే ధైర్యం చేసేవాణ్ణి, మీ వయసుకే ఒక జాగ్రత్త ఉంది, దాని మీద ఈ అనుమానం కూడా పెట్టుకుని సూది గుచ్చలేను, ఇంటికి వెళ్ళి గుడ్డు కొద్దికొద్దిగా తిని చూసి, ఏమీ కాకపోతే వచ్చే బుధవారం రండి అన్నాడు.

వచ్చే బుధవారం నాకు పనికిరాదని చెప్పాను. కూతురి సంగతి చెప్పాను. ఆయన విన్నాడు. విని, మీకేమైనా అయితే ఆ అమ్మాయికి పురుడు ఎవరు పోస్తారు అన్నాడు. బయటికి వచ్చి కూర్చున్నాను.

తలుపు తీసే ఉంది కాబట్టి అందరూ విన్నారు. నర్సు మళ్ళీ లెక్కపెట్టింది. ఒక మనిషి తక్కువ. సీసా మూత తియ్యడం కుదరదు అంది. బల్ల మీద ఉన్న పిల్లలందరూ నా వైపు తిరిగారు. వాళ్ళకీ తేదీలున్నాయి, వాళ్ళ ఓడలకీ తేదీలున్నాయి.

నాకు చోటిచ్చిన కుర్రాడు నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మామ్మా, పడతాదని ఒక్క ముక్క సెప్పీ. నువ్వు సేపలు తింతావు, కోడి తింతావు. గుడ్డు ఏటి సేత్తాది?"

"నానెరగను. ఎరగని మాట డాక్టరుకి ఎలగ సెప్తాను?"

"ఇంత నిజం పట్టుకుని ఆఫ్రికా ఎలా ఎల్తావు మామ్మా?"

వెళ్ళడమైనా మానేస్తాను గానీ సూది దగ్గర అబద్ధం చెప్పనన్నాను. పక్కవాడు, ఎదురుగా టీ బడ్డీలో ఉడకబెట్టిన గుడ్లున్నాయి, ఒకటి తెచ్చి తినిపించేద్దాం అన్నాడు. లోపల్నుంచి డాక్టరు, నా వరండాలో అలాంటి పరీక్షలు కుదరవు అన్నాడు. వాడు కూర్చున్నాడు.

నేను సంచీ తీసుకున్నాను. ఫోన్‌లో కూతురికి ఏం చెప్పాలో అనుకుంటున్నాను. మంచం మీద ఉన్న మనిషికి చెప్పవలసిన మాట కాదు. చెప్పకుండా ఉండే మాట కూడా కాదు.

కోడలు లేవలేదు. పమిట కొంగు వేలికి చుడుతోంది, విప్పుతోంది. పద అన్నాను. కదల్లేదు. నా మొహం చూడకుండా, గోడ మీద దోమ బొమ్మ అతికించిన కాగితం వైపు చూస్తూ మాట్లాడింది.

"అత్తా, నువ్వు గుడ్డు తిన్నావు."

ఎప్పుడన్నాను.

"ఆదివారం ఆదివారం తింతన్నావు. నాను కడుపుతో ఉన్న కాడ్నించీ తింతన్నావు."

దేంట్లో అని అడిగాను. చేపల వేపుడులో అంది. ముక్కలకి పట్టించే మసాలాలో ఒక గుడ్డు కొట్టి కలుపుతుందట. అలా కలిపితే మసాలా ముక్కని వదిలి పెనానికి అతుక్కోదట. కొత్తగా వచ్చిన రోజుల్లో మసాలా రాలి నూనెలో మాడిపోతే నేను నూనె పాడైందని గోల పెట్టేదాన్నట. వాళ్ళమ్మని అడిగితే ఈ ఉపాయం చెప్పిందట.

జాలరిపేట నుంచి గంప ఎత్తుకొచ్చే ఆవిడ దగ్గర ఆదివారం చేప నేనే బేరమాడి కొంటాను. వేయించడం కోడలి పని. కొన్నేళ్ళుగా వేపుడు బాగా కుదురుతున్న మాట నిజం. అది నేను నేర్పడం వల్ల అనుకున్నాను. చుట్టాలతో కూడా అలాగే చెప్పాను.

అయినా నమ్మలేదు. ఆ వరండాలో నేను గుడ్డు తిన్నానని తేలితే అందరికీ లాభమే. పిల్లలకి సీసా మూత తీస్తారు. కోడలికి నేను కొన్ని నెలలు ఇంట్లో ఉండను. కాబట్టి డాక్టరు గది గుమ్మం దగ్గర, ఆయన వినేటట్టు నిలబెట్టి అడిగాను. కొడుక్కి తెలుసా అన్నాను. తెలీదంది. పచ్చసొన ఏం చేశావన్నాను. పారెయ్యలేదు, అదీ కలిపేస్తానంది. పెంకులేం చేశావన్నాను.

"నువ్వు సెప్పినట్టే, కరేపాకు మొక్కకి ఏసీసినాను."

అక్కడ ఆగిపోయాను.

ఆ మొక్కకి పొద్దున్నే నీళ్ళు పోసేది నేను. ఉడకబెట్టిన గుడ్డు పెంకు ఊడితే ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. పచ్చి గుడ్డు కొడితే రెండు చిప్పలుగా విడుతుంది. సోమవారం పొద్దున్న ఆ మొక్క మొదట్లో నలిగిన పెంకుల మధ్య రెండు చిప్పలు విడిగా కనిపించేవి. ఒక్క సోమవారం కాదు, ఏళ్ళ తరబడి కనిపించాయి. కోడలు తన వాటా గుడ్డుని అట్టు పోసుకుంటోంది కాబోలు అనుకునేదాన్ని. తన వాటాతో తనేం చేసుకుంటుందో అడగడం నా పని కాదనుకున్నాను.

"అయితే ఎవరి వాటా గుడ్డే అది?" అన్నాను.

"నాదే."

"నువ్వేటి తింతన్నావు మరి?"

"ఏపుడు తింతన్నాను కదా అత్తా. అందరితోపాటే."

వరండాలో ఒకడు ముక్కు చీదుకున్నాడు. జలుబు అయి ఉంటుంది.

డాక్టరు కోడల్ని లోపలికి పిలిచి మళ్ళీ అన్నీ అడిగాడు. ఎన్నేళ్ళ నుంచి, ఎంత కలుపుతావు, తిన్నాక ఎప్పుడైనా దురదగానీ ఆయాసంగానీ పెదాలు వాయడంగానీ చూశావా అని. కోడలు అన్నిటికీ నిలకడగా చెప్పింది. ఇంట్లో అంతసేపు మాట్లాడగా నేను వినలేదు. నన్ను అడిగితే, ఆదివారం మధ్యాహ్నం తిని పడుకుంటానని, లేచి టీ తాగుతానని చెప్పాను. ఆయన కలం తీసుకుని రాశాడు. ఇంత కాలం తిని ఏమీ కాలేదంటే గుడ్డు మీకు పడినట్టే అమ్మా అన్నాడు. టీకా వేశాక మాత్రం మీరు తిన్నగా వెళ్ళిపోకండి, అందరికంటే ఎక్కువసేపు నా కళ్ళ ముందు కూర్చోవాలి, తర్వాత వారంలో జ్వరం వచ్చినా నీరసం వచ్చినా వెంటనే చూపించుకోవాలి అని కూడా చెప్పాడు.

నర్సు సీసా మూత తీసింది. పిల్లలు నన్నే ముందు వేయించుకోమన్నారు. మర్యాద కోసమా, నేను మళ్ళీ ఏదైనా నిజం చెప్పేస్తాననా అన్నది తెలీదు. సూది పెద్ద నొప్పేమీ లేదు. నా పేరు పసుపు పుస్తకంలో ఇంగ్లీషులో రాశారు. కోడలు అక్షరం అక్షరం పాస్‌పోర్టుతో సరిచూసింది. ఒక అక్షరం తేడా వస్తే దింపేస్తారని ఎవరో చెప్పారట.

బల్ల మీద కూర్చోబెట్టారు. కోడలు పక్కన కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరూ చెయ్యి రుద్దుకుంటూ, వస్తాం మామ్మా అని చెప్పి వెళ్ళిపోయారు. వరండా ఖాళీ అయింది. కోడలు ఏదో అనిపించుకోవడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంది. అనడానికి చాలా ఉంది. ఇంత కాలం నాకు తెలియకుండా నా నోట్లో గుడ్డు పెట్టింది. ఇంత కాలం తన గుడ్డు నా నోట్లో పెట్టింది. రెండూ ఒకటే పని. ఒకదానికి తిట్టాలి, రెండోదానికి ఏం చెయ్యాలో మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

డాక్టరు వచ్చి నా చెయ్యి, మొహం చూసి, ఇక వెళ్ళవచ్చు అన్నాడు. ఇంటికి ఆటోలో వెళ్దామని నేనే అన్నాను. కోడలు నా వైపు చూసి, ఒంట్లో ఎలా ఉంది అత్తా అని అడిగింది.

మర్నాడు కాస్త ఒళ్ళు వెచ్చబడింది, చెయ్యి బరువెక్కింది. కోడలు ఆ రెండు రోజులూ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మూడో రోజు మామూలయ్యాను. ప్రయాణం నాటికి పెట్టె సర్దింది కూడా తనే. పురిటి సరంజామా అంతా, వాము, శొంఠి, పాత మెత్తటి చీరల గుడ్డలు, ఏది ఎక్కడ ఉందో వరసగా చెప్పింది. ఆ దేశంలో చీరల గుడ్డలు దొరకవట. దొరికినా పాతవి దొరకవు.

విమానాలు మారి మారి వెళ్ళాను. దిగాక పాస్‌పోర్టు బల్లకంటే ముందు ఇంకొక బల్ల ఉంది. అక్కడ కూర్చున్నావిడ చెయ్యి చాపింది. పుస్తకం ఇచ్చాను. నా జబ్బ అంత లావుగా ఉంది ఆవిడ మణికట్టు. తేదీ చూసింది, ముద్ర చూసింది, నన్ను చూడలేదు. తిరిగి ఇచ్చేసి పొమ్మని తలతో సైగ చేసింది.

కూతురు మంచం మీద ఉంది. కాళ్ళు వాచి ఉన్నాయి. పెద్దదాని జడ అల్లుడు వేశాడట, చూస్తే తెలుస్తూనే ఉంది. విప్పి మళ్ళీ వేశాను. నేను వెళ్ళిన వారంలోపే నొప్పులు వచ్చాయి. ఆసుపత్రిలో ఒక్క మనిషినే లోపలికి రానిస్తామన్నారు. అల్లుడు నన్ను ముందుకి తోశాడు.

కూతురు కళ్ళు మూసుకుని ఉంది. చాలాసేపు పళ్ళు బిగబట్టే ఉంది. మధ్యలో ఒక్కసారి మాత్రం అడిగింది.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాన్నే. ఊపిరి తీసుకో."

తీసుకుంది. తెల్లవారేటప్పటికి ఆడపిల్ల. ఇద్దరూ కులాసా. తల్లిని చూసుకోవాలని నర్సు పిల్లని నా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయింది. నేను తెచ్చిన చీర గుడ్డలోనే చుట్టి పట్టుకున్నాను. పిల్ల ఒక కన్ను తెరిచి నన్ను చూసింది. నేనూ చూశాను.